రహమత్బీ పాడని వేలం పాట

మొహసిన్ బట్టల షాపు షట్టరుకి బ్యాంకువాళ్లు వేలం నోటీసు అతికించారని తెలిసిన రోజు, నేను పని మానుకుని మరీ చూడటానికి వెళ్లాను. మార్కాపురం బస్టాండుకి కాస్త ఇవతల మూడంతస్తుల బిల్డింగు అది. నోటీసు ముందు నిలబడి పైనుంచి కింది దాకా రెండుసార్లు చదివాను. ఏళ్ల తరబడి కడుపులో ఉన్న మంట కాస్త చల్లారింది. ఎవరైనా చూస్తే బిల్డింగు కొనడానికి వచ్చాననుకునేవాళ్లు. నేను కొనేదాన్ని కాదు, బీమా ఏజెంటుని. పేరు లీదియా. మొహసిన్ నా డబ్బు ఒక్క రూపాయి కూడా తినలేదు. అయినా వాడు నాశనం కావాలని నేను కోరుకున్నంతగా వాడి శత్రువులు కూడా కోరుకుని ఉండరు. ఎందుకంటే వాడు తిన్నది మా రహమత్బీ ఆపా ఇంటి అన్నం.

రహమత్బీ మా వీధిలోనే ఉంటుంది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి పలకల ఫ్యాక్టరీలో చెక్క ఫ్రేములు బిగించింది. రాతి పొడి పీల్చీ పీల్చీ ఇప్పటికీ దగ్గుతుంది. భర్త మొహిద్దీన్ బాషా ఆర్టీసీ డ్రైవరు. నేను గిద్దలూరు వైపు పాలసీలు కట్టించుకోవడానికి తిరిగే రోజుల్లో, స్టేజీ కాకపోయినా నన్ను చూసి బస్సు ఆపిన మనిషి ఆయన. "ఎక్కమ్మా, ఎండలో ఎంతసేపు నిలబడతావు" అనేవాడు.

ఆయన జీతం ఇంటికి, రహమత్బీ కూలి ఆమె సొంతానికి. ఆ కూలిలో మిగిల్చి ఆమె గొర్రెలు కొనేది. టౌనులో ఉండే మనిషికి గొర్రెలేంటని అనుకోకండి. రాచర్ల దగ్గర గురవయ్య అనే కాపరి ఉన్నాడు. అతని మందలో ఈమె గొర్రెలను పాలికి వదిలింది. తల్లి గొర్రె ఎప్పటికీ ఈమెదే. పుట్టిన పిల్లల్లో సగం ఈమెకి, సగం గురవయ్యకి. మేపేది అతను, పెట్టుబడి ఈమెది. ఆమె గొర్రెల చెవులకు ఒక గుర్తు గాటు ఉంటుంది. జీవం చనిపోతే గురవయ్య ఆ చెవి కోసి, గుడ్డలో చుట్టి తెచ్చి చూపించాలి. చెవి తెస్తే నష్టం నష్టమే, ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. తేకపోతే జీవాన్ని కాపరి అమ్ముకున్నట్టే లెక్క, ఖరీదు కట్టాలి. కాగితాలు లేవు, సంతకాలు లేవు. ఆ కట్టుబాటు మీద వాళ్లిద్దరి మధ్య ఇరవై ఏళ్లకు పైగా మాట తేడా రాలేదు.

మొహిద్దీన్ బాషా రిటైరైన నెలలోనే మొహసిన్ వాళ్ల ఇంటికి రావడం మొదలుపెట్టాడు. బాషాకి అన్న కొడుకు. పండగకి కూడా కనిపించనివాడు ఇప్పుడు పళ్లు పట్టుకుని వచ్చి చాచా కాళ్ల దగ్గర కూర్చునేవాడు. బాషాకి వడ్డీ డబ్బు ముట్టడం ఇష్టం లేదు. ఆ నిష్ఠ నిజమైనది, నేను గౌరవిస్తాను. వచ్చిన ప్రావిడెంటు ఫండూ గ్రాట్యుటీ ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన తికమకపడుతున్నాడు. మొహసిన్ సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు.

"వడ్డీ కాదు చాచా, భాగస్వామ్యం. నా షాపులో నువ్వూ పార్టనర్. నెల నెలా నీ లాభం నీకు తెచ్చిస్తా" అన్నాడు.

వడ్డీ అనే మాట లేకపోతే చాలు, అందులో ఇక ఏ చెడూ ఉండదనుకున్నాడు ఆ అమాయకుడు. డబ్బంతా తీసుకెళ్లి వాడి చేతిలో పోశాడు. సొంత అన్న కొడుకుని కాగితం అడగడం ఆయనకి చిన్నతనంగా అనిపించింది.

నెల నెలా లాభం వచ్చింది. వచ్చిన ప్రతి నెలా ఒకే మొత్తం. పెళ్లిళ్ల కాలంలోనూ అంతే, రంజాన్ ముందూ అంతే, జనం చేతిలో పైసా ఆడని ఎండల్లోనూ అంతే. రహమత్బీకి అది నచ్చలేదు. నా ముందే మొగుణ్ని అడిగింది. "గొర్రె ఒక ఏడు రెండు పిల్లల్ని ఈనుతాది, ఒక ఏడు కడుపు ఈసుకుపోతాది. షాపు లాభం ప్రతి నెలా ఒకే తీరుగ ఎట్ల వస్తాది? నిజమైన వ్యాపారం అట్ల ఉండదు."

"మా అన్న కొడుకుని గొర్రెల కాపరితో పోలుస్తావా?" అని బాషా కసురుకున్నాడు. కాపరితో పోలిస్తే అవమానపడాల్సింది గురవయ్య అని నాకు అప్పుడు తట్టలేదు.

రెండో ఏడాది మధ్యలో లాభం ఆగింది. అడిగితే వచ్చే నెల అన్నాడు, ఆ పై నెల అన్నాడు. ఆఖరికి చేతులెత్తేశాడు. వీళ్లిద్దరూ షాపుకి వెళ్లారు. తోడుగా నేనూ వెళ్లాను. అప్పటికి పై అంతస్తుకి స్లాబు పోస్తున్నారు.

"లాస్ వచ్చింది చాచా. భాగస్వామ్యం అన్నాక లాభంలోనే గాదు, నష్టంలో కూడా వాటా ఉంటాది గదా" అన్నాడు, చాలా పద్ధతిగా.

బాషా తల దించుకున్నాడు. రహమత్బీ దించుకోలేదు. "సరే. నష్టంలో వాటాకి నేను ఒప్పుకుంటా. చచ్చినదాని చెవి చూపిచ్చు."

వాడికి అర్థం కాలేదు. ఆమె విడమరిచి చెప్పింది. "ఏ సరుకు పోయింది? ఎవరు ఎగ్గొట్టినారు? యాడ మునిగింది నా మొగుడి డబ్బు? చూపిచ్చు. చూపిస్తే ఈ గడప మళ్లీ తొక్కను."

వాడు పగలబడి నవ్వాడు. "చాచీ, ఇది బట్టల షాపు. గొర్రెల దొడ్డి గాదు." కౌంటరు దగ్గర చీరలు మడతపెడుతున్న పనివాళ్లు కూడా నవ్వారు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. అక్కడున్న కత్తెర తీసుకుని వాడి చెవే కోసి ఆమె చేతిలో పెడదామనిపించింది. నేను ఊరికే అనడం లేదు.

తరువాత బాషా ఒక స్కూలు వ్యాను నడపడానికి కుదిరాడు. ఆ స్కూల్లోనే మొహసిన్ కూతురు సైమా చదివేది. నిన్నటి దాకా వాళ్లింట్లో చాచాగా కూర్చున్న మనిషి, రోజూ పొద్దున ఆ ఇంటి ముందు వ్యాను ఆపి హారన్ కొట్టేవాడు. ఆ పిల్ల మంచిది, ఎక్కగానే "సలాం దాదా" అనేది. అది కూడా మొహసిన్‌కి కిట్టలేదు. తను ముంచిన మనిషి రోజూ కళ్లెదుటికి వస్తుంటే ఎవడికి మాత్రం అన్నం సహిస్తుంది? "ముసలాయనకి చూపు ఆనడం లేదు, పిల్లల్ని ఎట్ల పంపేది?" అని స్కూల్లో చెప్పి మాన్పించాడు. బాషా ఇంట్లో కూర్చున్నాడు. ఏడాది తిరక్కుండానే పోయాడు. గుండెపోటు అని డాక్టరు రాశాడు. నన్ను రాయమంటే మొహసిన్ పేరు రాసేదాన్ని.

భర్తను మట్టి చేసిన నెల తరువాత రహమత్బీ నన్ను పిలిచి రెండు మాటలు చెప్పింది. "నేను ముసలిదాన్ని అయినాక ఎవరి ముందరా చెయ్యి చాపను. ఇది ఒకటి. ఆ బిల్డింగు ఒకరోజు నేను కొంటా. వాడి ముందరే షట్టర్ దించి తాళం వేస్తా. ఇది రెండు."

ఆ రెండో మాట అన్నప్పుడు ఆమె కళ్లు చూసి నేను ఆనందపడ్డాను. ఎందుకు దాచాలి?

ఆమె దగ్గర అప్పటికి మిగిలింది గొర్రెలే. మొగుడు ఎంత అడిగినా వాటిని మొహసిన్ షాపులో పెట్టనివ్వలేదు. వాటితోనే మొదలుపెట్టింది. మొదట మందను రెండుగా చేసింది. సగం రాచర్లలో గురవయ్య దగ్గరే ఉంచి, సగం దర్శి వైపు కాలువ నీళ్లున్న చోట నాగవేణి అనే ఆమెకి పాలికిచ్చింది. గురవయ్య నొచ్చుకున్నాడు. "నా మీద నమ్మకం పోయిందా అక్కా?" అని అడిగాడు. "నీ మీద గాదు గురవయ్యా, వాన మీద. రోగం మీద. ఒక్క దెబ్బకి అంతా పోకూడదు" అంది. ఆ మరుసటి వానాకాలమే రాచర్ల వైపు నీలినాలుక రోగం వచ్చింది. గురవయ్య గుడ్డలో చుట్టి చెవులు తెచ్చి అరుగు మీద పెట్టి ఏడ్చాడు. ఆమె అతనికి అన్నం పెట్టి పంపించింది. దర్శి మంద నిలబడింది. చచ్చినవాటికి నేను కట్టించిన బీమా కూడా వచ్చింది. ఎన్నో ఏళ్లు వెంటపడినా నా దగ్గర ఆమె కొన్నవి రెండే, గొర్రెల బీమా, తనకి ఆరోగ్య బీమా. మిగతా పాలసీలన్నీ విని, టీ ఇచ్చి పంపేసేది.

ఏడాది తిండికీ మందులకీ సరిపడా డబ్బు బ్యాంకులో విడిగా ఉంచింది. దానికి పడే వడ్డీని ముట్టకుండా తీసి పేదవాళ్లకి ఇచ్చేసేది. మిగిలినదాంట్లో కొంత బంగారం కొంది, గాజులుగా కాదు, బిళ్లలుగా. బస్టాండు వెనక ఒక గది కొని మెకానిక్కుకి అద్దెకిచ్చింది. కూతురు ఉజ్మా ఒంగోలులో ఉద్యోగం చేస్తుంది. వడ్డీ వ్యాపారం, సారా వ్యాపారం చేసే కంపెనీలను పక్కనపెట్టే మ్యూచువల్ ఫండు ఒకటి వెతికి ఆ పిల్లే తల్లి చేత నెల నెలా కట్టించింది. ఒక ఏడు మార్కెట్టు దబ్బున పడింది. నేను కంగారుపడి తీసెయ్యమని పరిగెత్తుకెళ్లాను. "మంద కొండ ఎక్కినప్పుడు లెక్కపెడితే తక్కువే కనపడతాది. దిగినాక చూస్తాం లే" అంది. తిండి డబ్బు వేరే ఉంది కాబట్టే అంత నిబ్బరంగా అనగలిగింది. ప్రతి బక్రీదుకి పొట్టేళ్లు మంచి ధర పలికేవి. పండగైన వారమే కూర్చుని, ఎక్కడ ఎక్కువైందో అక్కడ తీసి ఎక్కడ తక్కువైందో అక్కడ పెట్టేది. గొర్రెలు బాగున్నాయి కదా అని గొర్రెల్లోనే పెట్టేది కాదు.

ఊరంతా ముసలితనానికి దాచుకుంటోంది అనుకున్నారు. అదీ నిజమే. కానీ షాపు మీదుగా వెళ్లినప్పుడల్లా ఆమె ఒకసారి తలెత్తి మూడో అంతస్తు దాకా చూసేది. నేనూ చూసేదాన్ని.

ఇదీ కథ. ఇప్పుడు నోటీసు పడింది. మొహసిన్ బిల్డింగు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పంతా భూముల్లో దింపాడు, భూములు అమ్ముడుపోలేదు. నోటీసు పడిన సాయంత్రమే రహమత్బీ లెక్క వేసుకుంది. గొర్రెలు, బంగారం, గది, ఫండు అన్నీ అమ్మితే, తిండి డబ్బు కూడా కలిపితే, వేలంలో ఆ బిల్డింగు అందుతుంది. అందిన తరువాత ఆమె చేతిలో ఇంకేమీ ఉండదు.

ఉజ్మా ఒంగోలు నుంచి పరిగెత్తుకొచ్చింది. "అమ్మీ, అంతా ఒక్కదాంట్లో పెట్టి అబ్బా మునిగినాడు. మళ్లీ నువ్వు అదే చేస్తావా? షాపుకి అద్దెకి ఎవరూ రాకపోతే ఏం తింటావు?"

"మీ అబ్బా నమ్మి పెట్టినాడు. నేను పగతో పెడతాండా" అంది రహమత్బీ.

"డబ్బుకి ఆ తేడా తెలవదు అమ్మీ."

నేను మాత్రం ఆపా పక్షమే. కొను, షట్టర్ దించే రోజు నేను దగ్గరుండి చప్పట్లు కొడతాను అన్నాను. ఉజ్మా నన్ను చూసిన చూపు నేను పట్టించుకోలేదు.

రెండు రోజుల తరువాత మొహసిన్ స్వయంగా వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు. ముఖం పీక్కుపోయింది, చొక్కా మాత్రం ఇస్త్రీగా ఉంది. "చాచీ, నువ్వు వేలంలో పాడతావంట. ఊరంతా అనుకుంటాండారు. నీకెందుకు ఆ శ్రమ? నీ గొర్రెలకి అందే సరుకు గాదు అది."

"పాడతా. ఎంతయినా పాడతా" అంది. వాడు తల ఊపి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎంతకైనా సరే కొనాలి ఆపా అని ఇంకా ఎగదోశాను.

అమ్మకానికి గొర్రెలను వేరుచేసి పెట్టమని రహమత్బీ గురవయ్యకి ఫోన్ చేసింది. మర్నాడు పొద్దున్నే గురవయ్య ఆటో ఎక్కి వచ్చాడు. అరుగు మీద కూర్చుని నీళ్లు తాగి చెప్పాడు. "అక్కా, నిన్న ఎవరో మోహన్‌కృష్ణ అనే ఆయన మంద కాడికి వచ్చినాడు. స్థలాల బ్రోకరంట. మీ రహమత్బీవి ఎన్ని జీవాలు, అమ్మితే ఎంత వస్తాది, దర్శి వైపు ఇంకెన్ని ఉండాయి అని ఒకటే అడగడం. కొనేదానికి వచ్చినావా అంటే గాదన్నాడు. మరి నీకెందుకయ్యా అన్నా. నవ్వి పోయినాడు."

మోహన్‌కృష్ణ ఎవరో మాకు తెలుసు. మొహసిన్ భూముల వ్యాపారంలో కుడి భుజం. రహమత్బీ గురవయ్యకి రొట్టెలు పెట్టింది. అతను తినేదాకా అలాగే చూస్తూ కూర్చుంది. తరువాత "లీదియా, చీర మార్చుకుని రా. బ్యాంకుకి పోదాం" అంది.

బ్యాంకు మేనేజరు చిన్నవాడు, ఓపిగ్గా మాట్లాడాడు. రహమత్బీ అడిగినవి కొన్నే. "సార్, పాట మీకు రావాల్సిన అప్పు కంటే ఎక్కువ పోతే, మిగిలింది ఎవరికి?"

"ఓనరుకే ఇస్తామమ్మా."

"తక్కువ పోతే?"

"మిగతాది ఆయనే కట్టాలి. లేదంటే వేరే ఆస్తి మీదికి వెళ్తాం."

"పాటకి ముందు కట్టే ధరావత్తు ఇంకెవరైనా కట్టినారా?"

పేరు చెప్పకూడదన్నాడు. ఒకరు కట్టారని మాత్రం అన్నాడు.

"ధరావత్తు కట్టి పాడకపోతే నా డబ్బు నాకిస్తారా? పాడి, గెలిచి, మిగతాది కట్టకపోతే?"

"పాడకపోతే తిరిగి ఇచ్చేస్తాం. గెలిచి కట్టకపోతే మాత్రం ధరావత్తు పోతుంది. మళ్లీ తక్కువ ధరకి వేలం పెడతాం."

బయటికి వచ్చాక వేపచెట్టు నీడలో నిలబడి ఆమె చెప్పింది. "నా చేతిలో ఎంతుందో కొలిచినారు. మోహన్‌కృష్ణ నాతో పోటీకి పాడతాడు. నేను రోషంతో పెంచుతా. నా ఆఖరి రూపాయి దాకా పెంచి, ఆడ ఆగుతాడు. బిల్డింగు నాకు, డబ్బంతా మొహసిన్‌కి. వాడి అప్పు నేను తీర్చినట్టు. పైన వాడి జేబు కూడా నేను నింపినట్టు."

వాడి వలలోకి ఆమెను చేతులారా తోసింది నేనే. ఆ కోపం కూడా మొహసిన్ మీదే వేసుకున్నాను.

"మరి పాడొద్దు ఆపా. మానెయ్" అన్నాను.

"ధరావత్తు కడతా" అంది.

గొర్రెలు అమ్మలేదు. బంగారం బిళ్లలు కొన్ని తాకట్టు పెట్టకుండా అమ్మేసి ఆ ధరావత్తు కట్టింది. పోయినా తన తిండి తగ్గని సొమ్ము అది. మిగతావి ఉన్నచోటే ఉంచింది. ఊళ్లో మాత్రం అంతా అమ్ముతున్నానని చెప్పింది, నన్నూ అలాగే చెప్పమంది. నేను ఎంత శ్రద్ధగా చెప్పానంటే, ఏ పాలసీ గురించీ అంత బాగా చెప్పి ఉండను.

వేలం ఆన్‌లైన్లో జరిగింది. గడియారస్తంభం దగ్గర ఏబేలు నెట్ సెంటర్లో కూర్చున్నాం, ఆమె, నేను, ఉజ్మా. పదకొండింటికి మొదలైంది. తెర మీద ధర కదల్లేదు. రహమత్బీ చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. సగం సమయం పోయాక ధర ఒక మెట్టు పెరిగింది. అది మోహన్‌కృష్ణే. ఆమెను లేపడానికి పాడాడు. నొక్కమంటే నొక్కడానికి ఉజ్మా వేలు బటన్ దగ్గరే ఉంది. తల్లి ఆ వేలు పట్టుకుని మెల్లగా పక్కకి జరిపింది. ఒక్కసారి నొక్కితే ఆ బిల్డింగు మన దగ్గరికి ఒక అడుగు వస్తుంది కదా అని నాకు అప్పటికీ అనిపించింది. ఆమెకీ అనిపించే ఉంటుంది. పెదవి కొరుక్కుంటూ ఉంది. చివరి నిమిషాలు అలాగే గడిచాయి. వేలం ముగిసింది. కొనే ఉద్దేశం లేని మనిషి బిల్డింగు గెలిచాడు.

ఐదు నిమిషాల్లో ఫోన్ మోగింది. స్పీకరు పెట్టమంది.

"చాచీ, ఏమైంది? నెట్ పోయిందా?" మొహసిన్ గొంతు.

"నెట్ బాగుంది."

"మరి పాడలేదే! ఎంతయినా పాడతానంటివి గదా!"

"పాడాలనిపించలేదు."

వాడు అరిచాడు. "మోహన్‌కృష్ణ పేరుతో కట్టిన ధరావత్తు నా డబ్బు చాచీ! ఆఖరిది! సైమా కాలేజీకని దాచిపెట్టింది!"

సైమా పేరు వినగానే రహమత్బీ కళ్లు మూసుకుంది. జాలి పడుతుందేమోనని నేను భయపడ్డాను. నిజం చెబుతున్నా, ఆ క్షణంలో నాకు కావాల్సింది జాలి కాదు.

"మీ చాచాది కూడా దాచుకున్న డబ్బే మొహసిన్" అని ఫోన్ పెట్టేయించింది.

మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాం. ఉజ్మా ఆటో పిలవడానికి ముందుకి వెళ్లింది. షట్టర్ దించి తాళం వేస్తానన్న ఆపా చేతుల్లో తాళం లేదు, బిల్డింగు ఎవరో ముక్కూ ముఖం తెలియనివాడికి తక్కువ ధరకి పోతుంది. అది తలచుకుని నాకు కాస్త వెలితిగా అనిపించింది. "ఇంతేనా ఆపా?" అని అడిగాను.

"వాడి కాడ ఇంక నమ్ముకునేదానికి ఏమీ మిగల్లేదు లీదియా, నా పగ తప్ప" అంది రహమత్బీ. "ఉన్నదంతా దాని మీదే పెట్టినాడు."